వంద వరహాల కాగితం మీది ముక్కు

గుడ్లగూబ గోళ్ల మధ్య వేలాడుతూ ఆకాశమార్గాన పోతున్నవాడికి కింది దృశ్యాలను వర్ణించే తీరిక ఉండదు. అయినా ఇలాంటి కథల్లో వర్ణన లేకపోతే చదివేవాళ్లు ఊరుకోరు కనుక చెబుతున్నాను. కింద కేసరవల్లి రాజ్యం. తూర్పున చందన వనాలు, పడమట నీలి కొండలు, నడుమ ఎండకు తళతళలాడే శోణవేణీ నది, దాని ఒడ్డున ఏడు ప్రాకారాల రాజదుర్గం, దుర్గం చుట్టూ మొసళ్లు తిరిగే అగడ్త, బురుజు బురుజుకూ ఒక బంగారు కలశం. ఇవన్నీ నేను తలకిందులుగా చూశాను. సగం కళ్లు మూసుకుని చూశాను. ఆ కలశాలు బంగారువో ఇత్తడివో ప్రమాణం చేసి చెప్పలేను.

నా పేరు మౌనాచారి. మౌనం పేరులో తప్ప నాలో మరెక్కడా లేదని మా ఆవిడ కనకాంబ అంటుంది. కేసరవల్లి టంకశాలలో రాగిరేకుల మీద బొమ్మలు చెక్కడం నా వృత్తి. ఆ రేకులకు సిరా పూసి, పత్తిగుజ్జుతో చేసిన కాగితాల మీద అచ్చు వేస్తే అవే మా రాజ్యపు డబ్బు. జనం వాటిని బొమ్మకాగితాలు అంటారు. కత్తి పట్టడం నాకు రాదు. గుర్రాన్ని చూస్తే భయం. అలాంటి నన్ను ఏనుగంత గుడ్లగూబ పట్టపగలు మా పెరట్లోంచి ఎందుకు ఎత్తుకుపోయిందంటే, దాని ముక్కున ఒక వంద వరహాల కాగితం ఉంది. "ఈ బొమ్మలో ఉన్నవాణ్ణి పట్టి తే" అని దాని యజమాని చూపించి పంపాడు. అది బొమ్మను చూసింది, తలకు ఆముదం పెట్టించుకుంటున్న నన్ను చూసింది, వచ్చి పట్టుకుంది. మొదటిసారి ఆముదానికి జారిపోయాను. రెండోసారి నడుం దగ్గర దొరకబుచ్చుకుంది.

"ఏవండీ! తలంటుకోకుండా ఎక్కడికండీ!" అని కనకాంబ కింద నుంచి అరవడం వినిపించింది. సమాధానం చెప్పే లోపలే ఊరు దాటిపోయాం.

గూబను తప్పు పట్టకండి. తప్పంతా నాది.

మా యువరాజు హేమాంగదుడు పసితనం నుంచీ దూరదేశపు గురుకులంలో పెరిగాడు. అతనికి పట్టాభిషేకం నిశ్చయమైనప్పుడు జ్యోతిష్కులు ఒక మాట చెప్పారు. మూడేళ్ల పాటు రాజు ముఖం ఎవరి కంటా పడకూడదు, గొంతు ఎవరి చెవినా పడకూడదు. అందుకని సభలో ఒక పట్టుతెర కట్టారు. రాజు దాని వెనుక కూర్చుని ఒక గంట కొడితే అవును, రెండు కొడితే కాదు. రాజ్యం అలాగే నడిచింది. బాగానే నడిచింది కూడా. అయితే కొత్త రాజు వచ్చాక కొత్త కాగితం వేయాలి కదా! ఒక వరహా కాగితం మీద దుక్కిటెద్దు, అయిదు మీద తెరచాప ఓడ, పది మీద కోటగుమ్మం మామూలే. వంద కాగితానికి మాత్రం ఒక పక్క అంబారీ ఏనుగు, రెండో పక్క రాజు ముఖం ఉండి తీరాలి. తెర వెనుక ముఖాన్ని చూడగలిగినది రాజమాత ఒక్కతే. ఆ తల్లి చేతులారా కొడుకు బొమ్మ గీసి నాకు పంపింది.

ఆ బొమ్మ చూశాను. గుమ్మడికాయకు రెండు కళ్లు పెట్టి, మధ్యలో శనగగింజ అతికించినట్టుంది. రాజమాతకు బొమ్మలు వేయడం రాదని నేనే తీర్మానించుకున్నాను. ఎంత తెలివైనవాణ్ణో!

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రేకు మీద బొమ్మ కుడి ఎడమలు తిరగేసి చెక్కాలి, అప్పుడే కాగితం మీద సరిగా పడుతుంది. అందుకని బొమ్మను అద్దం ముందు నిలబెట్టి, అద్దంలో కనిపించేదాన్ని చూస్తూ చెక్కుతాం. ఎనిమిది నెలల పాటు ఆ అద్దంలోకి చూశాను. అద్దంలో ఒక పక్క గుమ్మడికాయ, రెండో పక్క నా ముఖం. ముక్కు దగ్గరికి వచ్చేసరికి, రాజుకు ఇంత చిన్న ముక్కేమిటని కొంచెం పొడిగించాను. ఎంత పొడిగించాలో తెలియక కళ్లు ఎటు పోయాయో మీరే ఊహించండి. ముక్కు మారాక చెవులు నప్పలేదు. చెవులు మార్చాక గడ్డం నప్పలేదు. ఇలా ఒక్కొక్కటే సవరించుకుంటూ పోయి, చివరికి రేకు పూర్తయ్యేసరికి రాజుగారు ఎంత బాగా కుదిరారో అని మురిసిపోయాను. ఒక కాగితం ఇంటికి తీసుకెళ్లి కనకాంబకు చూపిస్తే ఆమె కాగితాన్ని చూసి, నన్ను చూసి, "ఈ రాజుగారు మన ఇంట్లో సున్నుండలు దొంగిలించేవాడిలా ఉన్నాడే" అంది. అప్పటికి లక్ష కాగితాలు అచ్చయి ఊళ్లకు వెళ్లిపోయాయి.

చెప్పేయవచ్చు కదా అంటారా? రాజముఖం తప్పుగా చెక్కినవాడి కుడి బొటనవేలు తీసేయాలని మా చట్టం. బొటనవేలు లేనివాడు ఉలి పట్టలేడు. ఉలి పట్టలేని మౌనాచారి దేనికి? నేను నోరు మూసుకున్నాను. నా పేరుకు న్యాయం చేసినది ఆ ఒక్కసారే.

దేశం మాత్రం ఆ ముఖాన్ని ప్రేమించింది. తల్లులు పసిపిల్లలకు నలుగు పెట్టేటప్పుడు ముక్కులు పట్టి సాగదీసేవారు. మంగళ్లు మీసం నా తీరున కత్తిరించడానికి ఎక్కువ కూలి అడిగేవారు. ఆ ఏటే రాజమాత కన్నుమూసింది. హేమాంగదుడి ముఖం ఎరిగినవాళ్లు రాజ్యంలో ఎవరూ మిగల్లేదు. మిగిలినది ఆ కాగితం ఒక్కటే. దాని మీద ఉన్నదేమో నేను.

ఈ సంగతులన్నీ గూబ గోళ్లలో వేలాడుతూ తలచుకుని ఏడ్చాను. కన్నీళ్లు, ఆముదం కలిసి దారి పొడవునా కారాయి.

ధూమగిరి మీద మాంత్రికుడు ఉలూకభట్టు గుహ ఉంది. గుహద్వారానికి పుర్రెల తోరణం, లోపల నల్లరాతి స్తంభాలు, స్తంభానికొక నీలిమంట, నట్టనడుమ కుతకుతలాడే కొప్పెర, దాని పక్కన పులితోలు మీద ఉలూకభట్టు. గడ్డం మోకాళ్ల దాకా ఉంది. గూబ నన్ను అతని ముందు పడేసింది. పడీ పడగానే అతని పులితోలు నిండా ఆముదం అయింది.

"ఓరీ హేమాంగదా! తెర వెనుక దాక్కుంటే ఈ ఉలూకభట్టు కనిపెట్టలేడనుకున్నావా?" అని అతను పకపకా నవ్వాడు.

"అయ్యా, నేను రాజును కాను. అచ్చు చెక్కేవాణ్ణి" అన్నాను.

"దొరికిన ప్రతి రాజూ మొదట ఇదే మాట అంటాడు. ఒకడు వంటవాణ్ణన్నాడు, ఒకడు గుర్రాలు తోమేవాణ్ణన్నాడు." అతను కాగితం నా ముఖం పక్కన పెట్టి చూశాడు. "సరే, నీ మాటే నిజమనుకుందాం. రాజువు కాకపోతే నాకు పనికిరావు. మా గూబకు పనికొస్తావు. పొద్దున్నుంచి అది ఏమీ తినలేదు."

గూబ నా వైపు తల తిప్పింది.

"నేనే రాజును" అన్నాను. ఇంత త్వరగా సింహాసనం ఎక్కినవాడు మా వంశంలో లేడు.

ఉలూకభట్టు సంతోషించి తన కోరిక బయటపెట్టాడు. అతనికి వంద వరహాల రాగిరేకు కావాలి. అది కోటలోని ఇనుపగదిలో ఉంటుంది, రాజు నోటి మాట మీద తప్ప బయటికి రాదు.

"మహామాంత్రికులు! ఇసుకను బంగారం చేయగలరు. మీకు కాగితం దేనికి స్వామీ?" అని అడిగాను. భయంలో కూడా నా నోరు ఊరుకోదు.

"నేను చేసిన బంగారం పొద్దుగూకేసరికి బొగ్గవుతుంది" అన్నాడతను, కొంచెం సిగ్గుపడుతూ. "నా మంత్రం ఒక పూట, ఒక మనిషి మీద పనిచేస్తుంది. మీ కాగితం చూడు! ముక్కున్న బొమ్మ ఒకటి వేసి ఇస్తే దేశం దేశమంతా బియ్యం కొలిచి పోస్తోంది. ఇంతకు మించిన మంత్రం నా తాళపత్రాల్లో లేదు. ఆ రేకు నా చేతికొస్తే ఏడు రాజ్యాలు కొంటాను."

ఇంత భయంలోనూ నా పనిని ఒకరు మెచ్చుకున్నందుకు లోపల పొంగిపోయానని ఒప్పుకోవాలి.

అప్పుడతను కొప్పెరలోంచి ఒక ఇనుప ఉంగరం తీసి నా కుడి బొటనవేలికి తొడిగాడు. అది ఒక పట్టాన ఎక్కలేదు. నా తలమీది ఆముదమే కాస్త తీసి రాస్తే జారి కూర్చుంది. "రాజుల వేళ్ల కొలతకు చేయించాను. నా మాట జవదాటావంటే ఇది బిగుసుకుంటుంది. వేలు తెగి కింద పడేదాకా బిగుసుకుంటుంది" అన్నాడు.

లోకంలో అన్ని వేళ్లుండగా అందరి కన్నూ నా బొటనవేలి మీదే ఎందుకు పడిందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మర్నాడు పొద్దున్నే తెర తీసే ముహూర్తం. మూడేళ్లు నిండాయి. గూబ నన్ను అంతఃపురం మేడ మీద దింపింది. ఉలూకభట్టు గడ్డం కత్తిరించి, విభూతి పూసుకుని శకునాల శాస్త్రి వేషం వేశాడు. గూబ మీద నీళ్లు చల్లితే అది గోరింక పిట్టంతై అతని భుజం మీద కూర్చుంది. తెర వెనుక చూస్తే ఎవరూ లేరు. గద్దె మీద దుమ్ము, గంట మీద సాలెగూడు. అసలు రాజు ఏమైనట్టు? ఆలోచించేలోపల ఉలూకభట్టు నా నెత్తిన కిరీటం పెట్టి మెడ మీద ఒకటి తగిలించి కూర్చోబెట్టాడు.

మంగళవాద్యాలు మోగాయి. తెర పైకి లేచింది. ఆహా, ఆ సభ! వెయ్యి స్తంభాలకు ముత్యాల సరాలు, స్తంభం స్తంభానికీ పచ్చకర్పూర దీపం, సామంతులు, సేనానులు, విద్వాంసులు, వెనక బారులు తీరిన పౌరులు. వేలమంది నన్ను చూశారు. తర్వాత వెనక వరుసలోంచి ఒక ముసలమ్మ గొంతు లేచింది.

"అదే ముక్కు! అమ్మ తల్లీ, అదే ముక్కు!"

సభ జయజయధ్వానాలతో దద్దరిల్లింది. మంత్రి కుందవర్మ ముందుకొచ్చాడు. పాపం, ఆయన కళ్లకు శుక్లాలు. ఒక చేత్తో కాగితం పట్టుకుని, రెండో చేత్తో నా ముక్కు కొలిచి, "నాలుగు రోజులుగా గంట మోగకపోతే ధ్యానంలో ఉన్నారనుకున్నాను ప్రభూ. ఇన్నాళ్లకు దర్శనమైంది" అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు నిజంగానే సిగ్గేసింది.

"రేకు తెప్పించు" అని ఉలూకభట్టు నా చెవిలో గొణిగాడు.

నేను నోరు తెరిచే లోపల ద్వారం దగ్గర కలకలం రేగింది. ఇద్దరు భటులు ఒక కుర్రాణ్ణి తాళ్లతో కట్టి ఈడ్చుకొచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. బట్టలు మాసిపోయాయి, చెంప వాచింది. అతని ముఖం చూడగానే గుర్తుపట్టాను. గుండ్రటి ముఖం. రెండు కళ్లు. మధ్యలో శనగగింజంత ముక్కు. రాజమాత గీసిన బొమ్మలో తప్పేమీ లేదు. ఆ తల్లి ఉన్నదున్నట్టు గీసింది.

"మారాజా! ఈడు నాల్రోజుల్నుంచీ కోటగుమ్మం కాడ రాజుని నేనే, లోపలికి వదలండంటన్నాడు" అన్నాడు పెద్ద భటుడు. "కాయితం పక్కనెట్టి సూశాం. ఎక్కడా కలవలేదండి. ముక్కే లేదు. మొసళ్లకి ఎయ్యమంటారా?"

రాజునని అబద్ధమాడినవాణ్ణి అగడ్తలోకి తోసేయడం మా ఆచారం. అది కూడా ఆ రోజు పొద్దుగూకేలోపలే జరగాలి.

"ఏమయ్యా, ఎవరు నువ్వు?" అని అడిగాడు కుందవర్మ.

"హేమాంగదుణ్ణి" అన్నాడు కుర్రాడు. అలసిపోయినా గొంతులో బెదురు లేదు. "మూడేళ్లు గంట కొట్టీ కొట్టీ విసుగొచ్చింది. తెర తీశాక ఇక బజారుకు పోనిస్తారా? ఒక్క పూట తిరిగొద్దామని సొరంగంలోంచి బయటపడ్డాను. నా ముఖం ఎవరూ ఎరగరు కదా, మారువేషం కూడా అక్కర్లేదనుకున్నాను. జున్ను కొని వంద కాగితం ఇస్తే, జున్నులమ్మి రాజుగారి ముక్కు చూడు ఎంత కోటేరులా ఉందో, నీదీ ఉంది ఎందుకూ అంది. తిరిగొచ్చేసరికి సొరంగం తలుపు లోపల గడియ పడిపోయింది. గుమ్మం దగ్గరికొస్తే వీళ్లు కొట్టారు."

సభ గొల్లుమని నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వితే బాగుండేదేమో, రాజుగా మరింత నప్పేవాణ్ణి.

"నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది" అన్నాడు హేమాంగదుడు. "వంద వరహాల రేకులో చెక్కేవాడు కావాలని ఒక తప్పు పెడతాడు. దొంగ అచ్చు వేసేవాడు అది చూసి పొరపాటనుకుని సరిదిద్దుతాడు, అక్కడ దొరికిపోతాడు. ఆ తప్పు ఏమిటో చెక్కినవాడికీ రాజుకూ తప్ప మూడోవాడికి తెలియదు. తెర కంతలోంచి ఆచారి నా చెవిలో చెప్పాడు. నేను ఒక గంట కొట్టాను. రేకు తెప్పించండి. చెబుతాను."

ఆ మాటకు ఉలూకభట్టు కళ్లు మెరిశాయి. "తెప్పించు, తెప్పించు! చూసి, వాడు చెప్పింది తప్పని తీర్పు చెప్పు. వాడు మొసళ్లకు, రేకు నాకు" అని నా చెవిలో గొణిగి వేలి మీది ఉంగరాన్ని తట్టాడు. "రేకు తెండి" అన్నాను. ఇనుపగది తెరిచి, పట్టుదిండు మీద పెట్టి రేకు తెచ్చారు. ఎనిమిది నెలల నా చేతిపని ఎర్రగా మెరుస్తూ ఎదురుగా నిలిచింది.

"ఏనుగుకు ముందుకాలికి అయిదు గోళ్లుంటాయి" అన్నాడు హేమాంగదుడు. "ఈ రేకులో ఒక ముందుకాలికి ఆరు ఉంటాయి. ఆరోది ఆవగింజలో సగం."

సభంతా నా వైపు తిరిగింది. కుందవర్మకు ఆ గోరు కనిపించదు. అంత దూరాన ఉన్న మిగతావాళ్లు ఆవగింజలో సగాన్ని పోల్చుకోలేరు. తప్పు అని ఒక్క మాట అంటే చాలు. వేలు దక్కుతుంది, చట్టం నన్ను ముట్టదు, పైగా రాజ్యం ఒకటి. కనకాంబను పట్టపురాణిని చేయవచ్చు. ఆమె సున్నుండలు ఇక దొంగిలించాల్సిన పని కూడా ఉండదు. వీరులైతే ఇలాంటి చోట ఒక్క క్షణం కూడా తటపటాయించరు. నేను చాలాసేపు తటపటాయించాను. ఒక భటుడికి ఆవలింత వచ్చేదాకా.

అప్పుడు హేమాంగదుడు ఇంకో మాట అన్నాడు, ఎవరితోనూ కాక తనలో తాను అనుకున్నట్టు.

"ఇందులో ఇంకో తప్పు కూడా ఉంది. అది నాకెవరూ చెప్పలేదు. నా బొమ్మ మా అమ్మ గీసింది. ఆవిడ పోయాక, ఆవిడ కంటికి నేనెలా ఉండేవాణ్ణో చూద్దామని కొత్త కాగితం తెప్పించుకుని చూశాను. ఎవరో ముక్కాయన ఉన్నాడు. మా అమ్మకు ఇలాంటి కొడుకు కావాలని ఉండేదేమో అనుకున్నాను. అందుకే ఎవరినీ అడగలేదు."

నాకు ఏడుపొచ్చింది. గూబ గోళ్లలో ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. ఒక తల్లి కొడుకుకు మిగిల్చిపోయినదాన్ని నేను చెరిపేసి, అక్కడ నా ముక్కు పెట్టుకున్నాను.

కిరీటం తీసి గద్దె మీద పెట్టాను. "గోళ్లు ఆరు" అన్నాను. "ఆయనే రాజు. నేను మౌనాచారిని, టంకశాలలో పనిచేస్తాను. మీ అమ్మగారు గీసిన బొమ్మలో ప్రతి గీతా సరిగ్గా ఉంది ప్రభూ. నేనే అద్దంలో నన్ను చూసుకుని చెక్కాను. ఆవిడ కోరుకున్న కొడుకు మీరే."

ఉంగరం బిగుసుకుంది. ప్రాణాలు పోయాయనుకున్నాను. వేలు నల్లబడింది, కళ్ల ముందు చుక్కలు తిరిగాయి. సభలో వేలమంది ముందు నేను పెట్టిన కేక గురించి తర్వాత ఊళ్లో పాటలు కట్టారు. అవి నా పరువు నిలబెట్టే పాటలు కావు. అయితే ఉలూకభట్టు లెక్క ఒక చోట తప్పింది. ఆ ఉంగరాన్ని రాజుల మెత్తని వేలి కొలతకు చేయించాడు. పన్నెండేళ్లుగా ఉలి నొక్కీ నొక్కీ నా బొటనవేలి మొదట్లో చింతగింజంత కాయ కాసింది. గట్టిదనంలో అదీ చింతగింజే. ఇనుము వచ్చి ఆ కాయకు తగిలింది. బిగుసుకుంది, ఇంకా బిగుసుకుంది, ఠప్పున విరిగి రెండు ముక్కలై సభలో పడింది.

ఉలూకభట్టు ముక్కలను చూశాడు, నన్ను చూశాడు. "అంటే నువ్వు నిజంగానే అచ్చు చెక్కేవాడివా?" అన్నాడు, ఘోరంగా మోసపోయిన గొంతుతో.

"నిన్ననే చెప్పాను కదయ్యా!"

అతను ఇక ఆగలేదు. ఒక్క దూకున రేకును దిండు మీది నుంచి లాక్కున్నాడు. భుజం మీది పిట్ట మీద నీళ్లు చల్లాడు. అది మళ్లీ ఏనుగంత గూబై రెక్కలు విప్పితే ముత్యాల సరాలు తెగి సభ నిండా దొర్లాయి. దీపాలు కొండెక్కాయి, సామంతులు ముత్యాల మీద కాలు జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. మాంత్రికుడు గూబ వీపెక్కాడు. అది పెద్ద గవాక్షాన్ని బద్దలు కొట్టుకుని ఎండలోకి ఎగిరింది.

నేను పరుగెత్తి గూబ కాలు పట్టుకున్నాను. వీరత్వం అనుకునేరు. ఎనిమిది నెలల పని ఎవడో పట్టుకుపోతుంటే చేతులు వాటంతటవే వెళ్లాయి. తలకాయకు తెలిసేసరికి నేల రెండు తాటిచెట్ల లోతున ఉంది. కుడిచేయి గూబ కాలికి, ఎడమచేయి గాలికి. ఆ ఎడమచేతికి ఏదో బరువు తగిలింది. చూస్తే రాజు. కట్లు ఎప్పుడు తెంచుకున్నాడో, ఎప్పుడు దూకాడో, నా మణికట్టు పట్టుకుని వేలాడుతున్నాడు.

"మీరెందుకు ప్రభూ!" అని అరిచాను.

"మూడేళ్లు తెర వెనుక కూర్చున్నాను ఆచారీ. ఇంకా కూర్చోమంటావా?" అన్నాడు. ఆ గుండ్రటి ముఖం నిండా సంతోషం.

గూబలకు ఎండలో చూపు ఆనదు. నిన్న నన్ను పట్టుకోవడానికే రెండుసార్లు తడుముకుంది. ఇప్పుడది ఎటు పోతోందో దానికే తెలియదు. పైన ఉలూకభట్టు "కుడికి! కుడికి పోవే!" అని గోల పెడుతున్నాడు. అది ఎడమకు తిరిగి, అగడ్త మీదుగా, తూర్పు బురుజుకు సూటిగా పోతోంది. కింద మొసళ్లు నీళ్లలోంచి నోళ్లు తెరిచి చూస్తున్నాయి. ఆముదం పూర్తిగా వదలలేదు. గూబ కాలి మీద నా వేళ్లు ఒక్కొక్కటే జారుతున్నాయి. చిటికెన వేలు పోయింది. ఉంగరపు వేలు పోయింది. నడిమి వేలూ చూపుడు వేలూ మొండికేసి, అవీ వదిలాయి. ఉంగరం దెబ్బకు వాచి, నల్లగా కమిలి, నెత్తురోడుతున్న బొటనవేలు ఒక్కటి మాత్రం గూబ గోటి వంపులో ఇరుక్కుని మా ఇద్దరి బరువూ మోస్తోంది.

"ఆచారీ!" అని కింద నుంచి పిలిచాడు రాజు. "రాజముఖం తప్పుగా చెక్కినవాడికి చట్టం ప్రకారం ఏం శిక్ష?"

ఇదా సమయం అనుకున్నాను. "కుడి బొటనవేలు, ప్రభూ" అన్నాను.

"అంటే ఆ వేలు ఇప్పుడు నాది."

"అవును ప్రభూ."

"అయితే నా వేలును వదలకు" అన్నాడు.

బురుజు మీదికొచ్చేసింది. నేను కళ్లు మూసుకుని, రాజుగారి వేలితో గట్టిగా పట్టుకున్నాను.